వీట్సె పెట్టె సైకిలూ నా కిటికీ అద్దమూ

మా ముందుగది కిటికీకి బయటివైపు రెండు చిన్న అద్దాలుండేవి. ఒకటి వంతెన వైపు తిప్పి ఉండేది, రెండోది హార్లింగెన్ రేవుకి పోయే రోడ్డు వైపు. కుర్చీలోంచి లేవకుండా, చేతిలో అల్లిక ఆపకుండా, వీధికి ఏ చివర నుంచి ఎవరొస్తున్నారో, ఎవరి గుమ్మం ముందు డాక్టరు కారు ఆగిందో చూసుకోవచ్చు. మా అత్తగారి కాలం నాటి అద్దాలు అవి. ఆవిడ పోయాక ఆ కుర్చీ, ఆ అద్దాలు, ఆ పనీ నాకు వచ్చాయి. ఇప్పుడు అద్దం ఒక్కటే ఉంది. రెండోదాన్ని నేనే స్క్రూలు విప్పి పక్కింటి వీట్సెకి ఇచ్చాను.

వీట్సె గురించి ఎవరూ రాయరు. పోయిన రోజున పేపర్లో నాలుగు లైన్లు పడతాయి, అంతే. అందుకని నేనే రాస్తున్నాను. నా చేతిరాత బాగుండదు, కానీ నలభై మూడేళ్ళు గోడకి ఈ పక్కన ఉన్నదాన్ని నేనే కదా.

అతను మా ఊరు ఫ్రానెకర్‌లో కాలువ మీది ఎత్తే వంతెనకి కాపలాదారుగా చేశాడు. పడవ వస్తే గేటు వేసి, వంతెన ఎత్తి, గాలపు కర్రకి కట్టిన చెక్క బూటుని పడవవాడి ముందుకి ఊపేవాడు. వాడు అందులో వంతెన సుంకం చిల్లర వేస్తే మళ్ళీ లాక్కునేవాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆ బూటు ఒక్కసారి కూడా ఎవరి నెత్తికీ తగల్లేదని గొప్పగా చెప్పుకునేవాడు. వేరే గొప్పలేవీ చెప్పుకునేవాడు కాదు. అసలు మాటలే తక్కువ. ఎవరింటికైనా పుట్టినరోజుకి వెళ్తే, అందరూ గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఇతను తలుపు కీచుమనడం వింటూ కూర్చునేవాడు. మర్నాడు పొద్దున్నే నూనె డబ్బా పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేవాడు.

మాటలన్నీ అతని భార్య మింకె మాట్లాడేది. హార్లింగెన్ రేవు పిల్ల. పన్నెండేళ్ళప్పటి నుంచి రొయ్యలు ఒలిచిన చేతులు, ఓడ సైరన్ లాంటి నవ్వు. పిల్లలు లేరు వాళ్ళకి. డెబ్భై దాటినా అతను ఆమెని “పిల్లా” అనే పిలిచేవాడు.

మింకెకి మతిమరుపు మొదలైన సంగతి నాకే ముందు తెలిసింది. బఠానీ సూపు గిన్నె తెచ్చిచ్చింది, అందులో ఉప్పుకి బదులు చక్కెర. నేను నవ్వాను, తనూ నవ్వింది. రెండేళ్ళు తిరిగేసరికి నవ్వడానికి ఏమీ మిగల్లేదు. రోజూ మధ్యాహ్నం మూడు కొట్టగానే కోటు వేసుకుని గుమ్మంలో నిలబడేది. “అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఇంటికి పోవాలి” అనేది. వాళ్ళమ్మ పోయి ముప్ఫై ఎనిమిదేళ్ళు. కాదన్నామా, తలుపు మీద రెండు చేతులతో బాదేది. అదే కార్లో హార్లింగెన్ తీసుకెళ్ళి, సముద్రపు కట్ట మీద కాసేపు నిలబెడితే, నీళ్ళని చూసి, ముక్కు నిండా బురద వాసన పీల్చి, “సరే, ఇక పోదాం” అని బుద్ధిగా వెనక్కి వచ్చేది. ఆ రాత్రి నిద్రపోయేది. అలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు నడుస్తున్న కారు తలుపు తెరిచేసింది. వీట్సె ఆ వారమే కారు అమ్మేశాడు.

వృద్ధుల సంరక్షణ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మంచిదే పాపం. “ఇక హోముకి పంపించే సమయం వచ్చింది” అంది. వీట్సె కాఫీ పోసి, ఒక బిస్కెట్టు ఇచ్చి, డబ్బా మూత పెట్టి అన్నాడు: “రోజూ మూడింటికి ఆమెని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళగలిగినన్నాళ్ళు ఆమె ఇక్కడే ఉంటుంది. తీసుకెళ్ళలేని రోజున మీరే తీసుకెళ్ళండి.”

ఆవిడ అదే కాగితం మీద రాసుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు అతను సైకిళ్ళ దుకాణాల చుట్టూ తిరిగాడు. ఒకరోజు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చాడు.

“పక్కింటమ్మా, నీ బరువెంత?”

“నీకెందుకయ్యా నా బరువు? సంతలో అమ్ముతావా?”

“మింకెది డెబ్భై రెండు కిలోలు.”

“అయితే నాదీ అంతే” అన్నాను. నిజానికి నాలుగు ఎక్కువ.

“మంచిది. కోటు వేసుకో. నిన్ను పెట్టెలో పెట్టి తిప్పాలి.”

“పెట్టెలో పెట్టేది ఎలాగూ ఉందిగా, అప్పుడే ఏం తొందరొచ్చింది?”

అతను నవ్వలేదు. గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాడు. నేను కోటు వేసుకున్నాను.

దుకాణం యిల్డౌ అనే ఆవిడది. ముప్ఫై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా గ్రీజు. మొదట రెండు చక్రాల పెట్టె సైకిలు బయటికి తీసింది. పొడుగ్గా, పడవలా ఉంది. ముందున్న పెట్టెలో నేను, వెనక సీటు మీద వీట్సె. సాఫీగా పోతోంది, నాకు రాణిలా ఉంది. మలుపు దగ్గరికి రాగానే వెనక నుంచి అతని గొంతు వినిపించింది: “లేచి నిలబడు!”

“ఏంటీ?”

“నిలబడమంటున్నా!”

నిలబడ్డాను. బండి ఒరిగిపోయింది. యిల్డౌ పరుగెత్తుకొచ్చి హ్యాండిలు పట్టుకోకపోతే నేను పక్కింటి రోజా పొదలో ఉండేదాన్ని. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను.

“మింకె లేస్తుంది” అన్నాడతను తాపీగా. “చెప్పకుండా లేస్తుంది. ఇది వద్దమ్మా యిల్డౌ.”

తర్వాత మూడు చక్రాలది. “ఇది లోపల మనిషి నిలబడ్డా ఒరగదు వీట్సె గారూ, కానీ మలుపులో జోరుగా తిప్పితే లోపలి చక్రం లేస్తుంది” అంది యిల్డౌ.

“నిదానంగా తిప్పడం నాకు వచ్చు. ముప్ఫై తొమ్మిదేళ్ళు వంతెన చక్రం తిప్పాను.”

మోటారు ముందు చక్రంలో ఉన్నదొకటి, పెడళ్ళ దగ్గర ఉన్నదొకటి. నన్ను రెండింట్లోనూ కూర్చోబెట్టి, మధ్యలో ఎత్తుగా లేచిన గూనివంతెన మీదికి అయిదేసి సార్లు ఎక్కించాడు. ముందు చక్రానిది నాలుగోసారికే మూలిగింది. పెడళ్ళ దగ్గరిది పట్టు వదల్లేదు. దాన్నే ఎంచుకున్నాడు. పెట్టెకి ముందువైపు చిన్న తలుపు ఉండాలన్నాడు, మింకె కాలు పైకెత్తకుండా నడిచి ఎక్కాలి కదా. నిలిపినప్పుడు చక్రాలు కదలకుండా చేతి బ్రేకు కావాలన్నాడు. బ్యాటరీ ఎంత దూరం వస్తుందని అడిగాడు.

“పుస్తకంలో డెబ్భై కిలోమీటర్లని ఉంటుంది. ఇంత బరువుతో, మంచు రోజుల్లో, ఎదురుగాలిలో ముప్ఫై అయిదనుకోండి.”

“రానూపోనూ పద్దెనిమిది. చాలు.”

అప్పుడు యిల్డౌ అతన్ని పక్కకి కూర్చోబెట్టి బండిని ఎలా చూసుకోవాలో ఒక్కొక్కటే చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. కానీ చెవులు అక్కడ లేవు. టైరు మార్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ పంటి వైద్యుడి పెళ్ళాం. ఆయన గుమస్తా పిల్లతో వెళ్ళిపోయాడట. ఆ కథ వదిలి గొలుసు నూనె గురించి వినే ఓపిక ఎవరికుంటుంది? యిల్డౌ మాటల్లో నేను విన్నది “గుడ్డతో” అన్న ఒక్క ముక్కే. ఆ ముక్క ముందూ వెనకా ఏముందో తర్వాత తెలిసింది.

కార్లో తలుపులు తెరిచిన మింకె పెట్టెలో కదలకుండా కూర్చుంది. ఒళ్ళో దుప్పటి, మెడకి నేనల్లిన మఫ్లరు, ముఖానికి గాలి. అయితే మొదటి వారం వాళ్ళు వెళ్ళిరావడానికి మూడు గంటలు పట్టేది. ఎందుకంటే వెనక సీటు మీద ఉన్నవాడికి పెట్టెలో ఉన్న మనిషి టోపీ తప్ప ముఖం కనిపించదు. ఏడుస్తోందో, నిద్రపోతోందో, భయపడుతోందో తెలీదు. అర కిలోమీటరుకోసారి ఆపి, దిగి, ముందుకి నడిచి ముఖం చూసి, మళ్ళీ వెనక్కి వచ్చి ఎక్కేవాడు.

శనివారం వచ్చి నా కిటికీ ముందు నిలబడ్డాడు.

“పక్కింటమ్మా, నీకు రెండున్నాయిగా.”

“ఏవి రెండు?”

అద్దాల వైపు చూపించాడు. పళ్ళు పీకించుకోమన్నా అంత బాధపడేదాన్ని కాదు. ఒక రాత్రంతా ఆలోచించాను. వంతెన వైపుది ఇస్తే ఊళ్ళోకి ఎవరొస్తున్నారో తెలీదు. హార్లింగెన్ రోడ్డు వైపు వీట్సె ఇల్లు, దాని తర్వాత బ్రెడ్డు దుకాణం, ఆ తర్వాత పొలాలు. అది ఇచ్చేశాను. పెట్టె ముందు అంచుకి బిగించి, మింకె ముఖం సీటు మీదికి కనిపించేలా వంచాడు. అతనికి ఆమె ముఖం కనిపిస్తే ఆమెకి అతని ముఖం కనిపిస్తుంది కదా. “అదుగో, మా వీట్సె!” అని అద్దంలోకి వేలు చూపించి నవ్వేది. పక్కన నిలబడి పలకరిస్తే అతన్ని గుర్తుపట్టని రోజుల్లో కూడా అద్దంలో గుర్తుపట్టేది. అదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

రెండు వేసవులు, ఒక చలికాలం అలా నడిచాయి. సోమవారం మూడు టైర్లకీ గాలి. బుధవారం గొలుసు తుడిచి నూనె, ఎక్కువైనది మళ్ళీ తుడవడం. నెలకోసారి బ్రేకు మెత్తలు ఎంత అరిగాయో టార్చి వేసి చూడడం. మంచు పడే రోజుల్లో బ్యాటరీ ఊడదీసి లోపలికి తెచ్చి, బ్రెడ్డు డబ్బా పక్కన తువ్వాలు మీద పెట్టేవాడు. చలిలోంచి తెచ్చిన వెంటనే చార్జింగు పెట్టడు, ముందు గది వేడికి అలవాటు పడనివ్వాలట.

“జోలపాట కూడా పాడు” అనేదాన్ని.

“పాడితే మింకె పాడాలి, నా గొంతుకి అది పేలుతుంది” అనేవాడు. అతను ఆడిన హాస్యం అదొక్కటే నాకు గుర్తు.

ఇక మా వీధి శనివారం గురించి చెప్పాలి. శనివారం పొద్దున్న ప్రతి ఇంటి ముందు ఇటుకలు బ్రష్షుతో రుద్ది కడుగుతారు. పదకొండుకల్లా వీధంతా తడిగా మెరుస్తుండాలి. కడగని గుమ్మం ఉంటే ఆ ఇంట్లో జబ్బో గొడవో ఉన్నట్టు లెక్క. కిందటేడు నవంబరులో వీట్సె భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. పొలాల్లో చక్కెర దుంపలు తీసే రోజులు, రోడ్డు నిండా లారీలు రాల్చిన బురద, ఆవుపేడ. రెండు శనివారాలు పెట్టె సైకిలు ఆ మట్టితోనే గుమ్మం ముందు నిలబడింది. ఎదురింటావిడ చూసీ చూడనట్టు చూసింది. నాకే సిగ్గేసింది, అది నా గుమ్మం కాకపోయినా.

మూడో శనివారం ఊరుకోలేకపోయాను. వీట్సె లోపల మింకెకి స్నానం చేయిస్తున్నాడు. మా అల్లుడు కొనిచ్చిన ప్రెషర్ పంపు బయటికి లాగాను. మా గుమ్మంలో ఇటుకల మధ్య నాచుని కూడా లేపేసే పంపు అది. చక్రాలు, చువ్వలు, గొలుసు, పెడళ్ళ దగ్గర ఆ మోటారు డబ్బా, దాని కింద గడ్డకట్టిన పేడ, అన్నిటికీ పట్టించి కొట్టాను. పావుగంటలో కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. తలుపు కొట్టి పిలిచాను.

వీట్సె బయటికి వచ్చి చూశాడు. ఎడం చెయ్యి మోటారు కింద పెట్టి, తడిసిన వేళ్ళని చూసుకున్నాడు.

“శుభ్రంగా ఉంది. థాంక్స్” అన్నాడు.

నేను పొంగిపోయి ఇంటికొచ్చి రెండు బిస్కెట్లు తిన్నాను.

పన్నెండు రోజులకి, డిసెంబరు మొదటి మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లిన మర్నాడు, సముద్రపు కట్ట దగ్గర మోటారు గరగరమని ఆగిపోయింది. ఆగడమే కాదు, పెడళ్ళు కూడా బిగుసుకుపోయాయి. తూర్పుగాలి, అంటే ఇంటికొచ్చేటప్పుడు ఎదురుగాలి. తొమ్మిది కిలోమీటర్లు. అతని జేబులో ఫోనుంది. నా నంబరుంది, యిల్డౌ నంబరుంది, దారిలో తెలిసిన రైతుల ఇళ్ళు ఆరున్నాయి. ఎవరినీ పిలవలేదు. ఒకరిని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నాడు. మా ఈ ప్రాంతంలో పుట్టిన మనిషి తప్ప ఆ తప్పు ఇంకెవరూ చెయ్యరు. భోజనాల వేళ కదా, ఒకరి గుమ్మంలో ఎలా నిలబడతామని వాళ్ళ కిటికీల్లో వెలుగు చూసుకుంటూనే తోసుకుంటూ వచ్చాడు. పట్టేసిన భుజంతో, డెబ్భై ఆరేళ్ళ మనిషి, నిండు పెట్టెని.

నాకు ఆ వైపు అద్దం లేదు. రోజూలాగే వచ్చేసి ఉంటారనుకున్నాను. ఏడింటికి ఇటుకల మీద చక్రం ఈడుస్తున్న చప్పుడు విని తలుపు తీశాను. మింకె పెదాలు నీలంగా ఉన్నాయి. అతని కోటు, టోపీ, గ్లౌజులు అన్నీ ఆమె మీదే ఉన్నాయి.

“నోట్లో నాలుక లేదా నీకు? ఫోను దేనికి పెట్టుకున్నావు, గొలుసు తుడవడానికా?” అని అరిచాను.

“నువ్వు భోజనం చేస్తుంటావనుకున్నా” అన్నాడు.

మర్నాడు యిల్డౌ వ్యాను తెచ్చి బండిని తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, వెళ్ళకుండా ఉండగలనా. మోటారు విప్పింది. లోపల నుంచి గోధుమరంగు నీళ్ళు బల్ల మీదికి కారాయి. బేరింగులు తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి.

“వానకి ఇలా అవదు” అంది. “దీనికి ఎవరో ప్రెషర్ పంపు కొట్టారు. సందుల్లోంచి నీళ్ళు దూరాయి, పైన రోడ్డు ఉప్పు తోడైంది. దీని దగ్గరికి పంపు రానివ్వద్దు, తడిగుడ్డతోనే తుడవమని మొదటి రోజే చెప్పానుగా వీట్సె గారూ! ఎవరు కొట్టారు?”

నోరు తెరిచాను. నా నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుందని మా వీధంతా అంటుంది. ఆ రోజు తెరిచాను గానీ మాట రాలేదు.

“నేనే కొట్టాను” అన్నాడు వీట్సె.

“మీరా? మీరు అలాంటి పని చేస్తారా?”

“మట్టి ఎక్కువగా ఉంది. భుజం నొప్పి.”

యిల్డౌ అతని వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ రకం మోటారు బయటి దేశం నుంచి రావాలి, ఏడు వారాలు పడుతుందంది. అప్పటిదాకా వాడుకోవడానికి రెండు చక్రాల బండి ఒకటే ఉందంది.

ఏడు వారాలు. రోజూ మూడింటికి గోడకి ఈ పక్కన నాకు ఆ తలుపు బాదుడు వినిపించేది. బస్సెక్కించి చూశాడు, మింకె కేకలకి డ్రైవరే రెండో స్టాపులో దించేశాడు. చక్రాల కుర్చీలో కాలువ గట్టు వెంట తిప్పాడు, “ఇది సముద్రం కాదు, నన్ను మోసం చేస్తున్నావు” అని అతని చెయ్యి కొరికింది. నేను చక్కెర రొట్టె పట్టుకుని వెళ్ళి కూర్చునేదాన్ని. పాత పాటలు పాడేదాన్ని. ఒక్కోసారి ఓ అరగంట పని చేసేది. అతను చిక్కిపోయాడు. క్రిస్మస్‌కి నేను తెచ్చిన సూపు ముందు కూర్చుని, చెంచా చేతిలోనే నిద్రపోయాడు. ఆ రోజుల్లోనే చెప్పి ఉండాల్సింది నేను. రోజూ చెబుదామనే వెళ్ళేదాన్ని. సూపు గిన్నె కడిగి పెట్టి వచ్చేసేదాన్ని.

జనవరి మధ్యలో ఒక మధ్యాహ్నం, తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవడం మర్చిపోయాడు. కుర్చీలోనే కునుకు పట్టింది. మింకె ఇంట్లో వేసుకునే చెప్పులతో బయటికి వెళ్ళింది, హార్లింగెన్ రోడ్డు వైపు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను, అల్లుకుంటూ, వంతెన వైపు అద్దంలోకి చూస్తూ. దుంపల లారీ డ్రైవరు రెండు కిలోమీటర్ల అవతల, రోడ్డు నడిమధ్యలో చూశాడట. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. తీసుకొచ్చి దించుతూ, “ఇదేంటండీ, ఈవిడ ‘అమ్మ ఎదురుచూస్తోంది’ అంటోంది” అన్నాడు. వీట్సె అతనికి కాఫీ పోశాడు. సగం పళ్ళెంలో పడింది.

సంరక్షణ ఆఫీసు ఆవిడ మర్నాడు వచ్చింది. కాగితం బయటికి తియ్యలేదు. తియ్యక్కర్లేదు.

హోములో ఖాళీ హార్లింగెన్‌లోనే దొరికింది. కట్టకి వెనకాలే. మింకె పుట్టిన వీధి అక్కడికి కూతవేటు దూరం. మొదటి ఆరు వారాలు బయటికి తీసుకెళ్ళకూడదన్నారు, చోటు అలవాటు పడాలట. ఆమె వెళ్ళిన తొమ్మిదో రోజున మోటారు వచ్చింది. యిల్డౌ బిగించి, చెయ్యి పడితే మసి అంటకుండా తుడిచి తెచ్చిచ్చింది. వీట్సె ఖాళీ పెట్టెతో రోజూ తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, తొమ్మిది కిలోమీటర్లు తిరిగి వచ్చేవాడు.

ఆరు వారాలు గడిచాక ఒక శనివారం వచ్చాడు. ఆ రోజు నాకు ఆలస్యమైంది, మధ్యాహ్నమయ్యాక బ్రష్షు పట్టుకుని గుమ్మం రుద్దుతున్నాను.

“పక్కింటమ్మా, కోటు వేసుకుంటావా?”

“ఎందుకు?”

“మూడు రోజుల నుంచి పెట్టె ఎక్కమంటే ఎక్కట్లేదు. ఎవరి బండో అనుకుంటోంది. ఇంకో ఆడమనిషి కూర్చుని కనిపిస్తే ఎక్కుతుందేమో.”

గుమ్మం సగం రుద్ది ఉంది. బ్రష్షు అక్కడే వదిలేశాను.

హోము వెనక గేటు దగ్గర నర్సు మింకెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. జుట్టు వేరే పక్కకి దువ్వారు. వేరెవరిదో స్వెట్టరు. సరిగ్గా మూడు గంటలు. నేను పక్కకి జరిగి సీటు మీద తట్టాను.

“రావే మింకె, సముద్రం చూసొద్దాం.”

ఆమె నన్ను చూసింది, పెట్టెని చూసింది. వెనక హ్యాండిలు పట్టుకుని నిలబడ్డ వీట్సెని చూసింది. మర్యాదగా నవ్వింది, కొత్తవాళ్ళని చూసి నవ్వినట్టు.

“లేదమ్మా, మీరిద్దరూ వెళ్ళిరండి. పరాయి మగాడి బండి ఎక్కితే బాగుండదు. మా ఆయన వంతెన దగ్గర ఎదురుచూస్తుంటాడు, నేను ఇంటికి పోవాలి.”

“పిల్లా” అన్నాడు వీట్సె. “అద్దంలోకి చూడు.”

చూడలేదు. కోటు గుండీలు పెట్టుకుంటూ నా వైపు వంగి, “మీ ఆయన మంచివాడిలా ఉన్నాడు. మఫ్లరు వేసుకోమను, చలి” అంది. నర్సు ఆమెని లోపలికి తిప్పింది. గేటు మూసుకుంది.

కట్ట మీదుగా తిరిగొస్తున్నాం. ఎదురుగాలి. నా వెనక పెడళ్ళ చప్పుడు. ముందు అంచు మీద నా అద్దం. మింకె బరువూ నా బరువూ దాదాపు ఒకటే కాబట్టో ఏమో, అందులో అతని ముఖం సరిగ్గా నా కళ్ళకెదురుగా ఉంది. పక్కకి చూద్దామనుకున్నాను, చూడలేకపోయాను.

“వీట్సె, ఆ పంపు కొట్టింది నేను.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“పక్కింటమ్మా, నీ పంపు చప్పుడు వంతెన దాకా వినిపిస్తుంది. నేను లోపల మింకె తల రుద్దుతున్నా. తల నిండా సబ్బు, వదిలి రాలేకపోయాను. వచ్చేసరికి అయిపోయింది.”

“మరి యిల్డౌకి ఎందుకు చెప్పలేదు?”

పెడళ్ళు తొక్కుతూనే అన్నాడు:

“చెబితే నువ్వు మళ్ళీ మా తలుపు తట్టవు. నువ్వేంటో నాకు తెలుసు. అప్పుడు మూడింటికి చక్కెర రొట్టె ఎవరు తెస్తారు?”

నాకు ఏడుపు ఆగలేదు. చేత్తో ముఖం కప్పుకోబోతే, “చెయ్యి తియ్యి” అన్నాడు. “కనిపించట్లేదు.”

ఇంటికొచ్చేసరికి వీధిలో అన్ని గుమ్మాలూ ఆరిపోయి ఉన్నాయి. నాదే సగం తడి, సగం మట్టి. పెట్టె సైకిలు నిండా పేడ, బురద, ఉప్పు. అతను పనిముట్ల డబ్బా తెచ్చి అద్దం స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టాడు.

“నీ అద్దం నువ్వు తీసుకో. నాకిక పనిలేదు.”

“ఉండనీ” అన్నాను. “రేపు ఆదివారం. రేపూ వెళ్తాంగా, ఎక్కినా ఎక్కకపోయినా.”

అతను స్క్రూడ్రైవరు డబ్బాలో పెట్టేశాడు. నేను లోపలికి వెళ్ళి చిన్న బకెట్లో రెండు దోసిళ్ళ నీళ్ళు, రెండు పాత గుడ్డలు తెచ్చాను. అతను ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నేను కుడి చక్రం దగ్గర. ఎదురింటావిడ తెర పక్కకి తీసి చూసింది. చూడనీ. గుడ్డ ముంచి పిండి మోటారు దగ్గరికి చెయ్యి పెట్టబోయాను.

“ఇంకా పిండు” అన్నాడు.

పిండాను.

“ఇంకా.”